గాజుకూ గాజుకూ మధ్య రెండు మిల్లీమీటర్లు

(ఇంట్లో పెద్ద గాజు చేపల తొట్టి తయారుచేసుకోవడం గురించి ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందుగా ఈ వస్తువును మీ చేతికి ఇస్తున్నాను. ఒకరి తర్వాత ఒకరు చూసి పక్కవారికి అందించండి. రెండు గాజు ముక్కలు, ఒక్కొక్కటి అరచేతి వెడల్పు. తాపీమేస్త్రీ మూలమట్టంలాగా ఒకదాని అంచును ఇంకొకదానికి ఆనించి అతికించాను. అంచులు సానపట్టించాను కాబట్టి చెయ్యి కోసుకోదు. విడదీసి చూడండి. మొహమాటపడకండి, మొదటి వరుసలో కుర్రవాళ్లు ఉన్నారు కదా, కాస్త గట్టిగానే లాగండి.

మధ్యలో ఉన్నది మేకూ కాదు, ఇనుప పట్టీ కాదు. 2 మిల్లీమీటర్ల మందాన జిగురు. దుకాణంలో సిలికాన్ అంటే ఇస్తారు. కంప్యూటర్ చిప్పుల్లో ఉండే సిలికాన్ వేరు, ఇది వేరు. ఆ తేడా మీద గంటసేపు పాఠం చెప్పగలను గాని, దుకాణదారుతో ఆ వాదన పెట్టుకుంటే ట్యూబు ఇవ్వడు. (నవ్వులు) మా ఇంటి హాల్లో 560 లీటర్ల నీళ్లు నాలుగేళ్లుగా ఆ 2 మిల్లీమీటర్లనే నమ్ముకుని నిలబడి ఉన్నాయి.

నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ద్రవపీడనం పాఠం ఏటా చెప్పాను. అది నాకు నిజంగా అర్థమైంది మాత్రం రిటైరయ్యాక, ఒక అర్ధరాత్రి, కాలి కింద చాప తడిగా తగిలినప్పుడు. ఆ కథకు తర్వాత వస్తాను.

తొట్టి కడతానని చెప్పగానే అందరూ అడిగింది ఒకటే. "ఆరడుగుల పొడవా! అన్ని నీళ్లను అద్దం ఆపుతుందా?" ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. అద్దాన్ని నెట్టేది నీళ్ల పరిమాణం కాదు, లోతు. 1586లో సైమన్ స్టెవిన్ అనే ఫ్లెమిష్ గణితవేత్త ఈ సంగతి రాసిపెట్టాడు. అంతకు మూడు శతాబ్దాల ముందే మన చెరువులు కట్టినవాళ్లకు చేతి అనుభవంగా తెలిసే ఉండాలి. రామప్ప చెరువు కట్ట మీద నిలబడి చూడండి. నీళ్లు కనుచూపు మేర పరుచుకుని ఉంటాయి. ఆ విస్తీర్ణంతో కట్టకు పని లేదు. కట్ట పాదం దగ్గర నీరు ఎంత లోతుందన్నదే దాని లెక్క. అందుకే చెరువు కట్ట అడుగున వెడల్పుగా, పైకి వచ్చేకొద్దీ సన్నగా ఉంటుంది. గాజు పలకను అలా ఏటవాలు మందంతో పోయలేం గనక, అడుగున కావలసిన మందాన్నే పైదాకా కొంటాం.

మా తొట్టి కొలతలు చెబుతాను. పొడవు 1800 మిల్లీమీటర్లు, వెడల్పు 600, ఎత్తు 600. నీళ్లు 55 సెంటీమీటర్ల దాకా నింపుతాను. అప్పుడు ముందు పలక మీద నీళ్ల మొత్తం తోపుడు సుమారు 270 కిలోల బరువుతో సమానం. నలుగురు పెద్దమనుషులు రాత్రీ పగలూ సెలవు లేకుండా ఆ అద్దాన్ని లోపలినుంచి నెడుతున్నట్టు లెక్క. ఎత్తు రెట్టింపు చేస్తే ఆ తోపుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. కావలసిన గాజు మందం 2.8 రెట్లవుతుంది. అదే పొడవు పెంచితే? పొడవు ఎత్తుకు మూడు రెట్లు దాటాక మందం దాదాపుగా పెరగనక్కరలేదు. ఎవరైనా పెద్ద తొట్టి కడతామంటే నేను చెప్పేది ఇదే: పొడవుకు ఆశపడండి, వెడల్పుకు ఆశపడండి, ఎత్తు జోలికి మాత్రం పోకండి. చెయ్యి పెడితే అడుగు అందాలి. లేకపోతే శుభ్రం చేయడానికి మీరే అందులో దిగాలి.

మందం లెక్క వేస్తే, అంచు దాకా నింపితే 12.6 మిల్లీమీటర్లు వచ్చింది. బజారులో 12 ఉంది, ఆ పైన 15 ఉంది. 15 కొంటే బరువూ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. నీటిమట్టం 5 సెంటీమీటర్లు దించి మళ్లీ వేశాను. 11 చాలన్నది. అయిదు సెంటీమీటర్లకు అంత తేడా! 12 తీసుకున్నాను. ఈ లెక్కలో భద్రత కోసం 3.8 రెట్ల వెసులుబాటు ఉంది. అంత ఎందుకు అంటారేమో. ఇనుము విరిగే ముందు వంగుతుంది, కర్ర చిటపటమంటుంది. గాజు ముందుగా ఏమీ చెప్పదు. పైగా కంటికి కనిపించని గీత ఒకటి అంచున ఉంటే, ఏళ్ల తరబడి అదే బరువు కింద, అందులోనూ తడి తగులుతుంటే, ఆ గీత మెల్లగా పెరుగుతుంది. అందుకని అంచులన్నీ సానపట్టించి తీసుకోవాలి. పెచ్చు లేచిన అంచు కనిపిస్తే ఆ పలకను అక్కడే వదిలేసి రావాలి.

అద్దాల దుకాణాయన మంచివాడు. "మాస్టారూ, టఫెన్డ్ గాజు వేయించుకోండి, సుత్తితో కొట్టినా పగలదు" అన్నాడు. వద్దన్నాను. దాని ముఖాన కొడితే పగలదు, నిజమే. అంచున చిన్న దెబ్బ తగిలిందంటే పలక మొత్తం ఒక్కసారిగా పలుకులు పలుకులుగా రాలిపోతుంది. మామూలు అద్దం చాలాసార్లు పగులు తీసి కారడం మొదలుపెడుతుంది, బకెట్లు తెచ్చుకునే వ్యవధి ఇస్తుంది. పైగా టఫెన్డ్ అయ్యాక దానికి రంధ్రం వేయలేం, కోయలేం. ఆయన నా మాట విన్నాడు గాని, ఆ వెంటనే నా చీటీ చూసి ఒక ప్రశ్న వేశాడు. "పక్క పలకలు ముందు వెనక పలకల మధ్యలో కూర్చుంటాయా, బయట కూర్చుంటాయా?" నేను ఆలోచించనే లేదు! చీటీలో రెండు పక్కలకూ 600 అనే రాసుకుపోయాను. మధ్యలో కూర్చోవాలంటే అటూ ఇటూ రెండు పలకల మందం 24, రెండు అతుకుల జిగురు 4, మొత్తం 28 తీసేయాలి. 572. కాలేజీలో ఎందరికో లెక్కలు దిద్దినవాడిని, ఆయన అడగకపోతే పక్క పలకలు రెండూ బల్ల మీద పరుచుకునే అద్దాలయ్యేవి.

బరువు సంగతి. నీళ్లు 560 కిలోలు. గాజు చదరపు మీటరుకు ప్రతి మిల్లీమీటరు మందానికీ 2.5 కిలోలు, అంటే మా తొట్టి గాజు ఒక్కటే సుమారు 118 కిలోలు. ఇసుక, గులకరాళ్లు, కింద స్టాండు కలిపితే మొత్తం 800 కిలోలకు కాస్త అటూ ఇటూ. అదంతా చదరపు మీటరుకు కొంచెం పైన ఉన్న జాగాలో నిలబడుతుంది. మన దేశంలో నివాసపు గదుల నేలకు ప్రమాణంగా తీసుకునే బరువు చదరపు మీటరుకు 200 కిలోలు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ 200 అనేది గది నేలంతా పరుచుకున్న బరువు, కాబట్టి ఒక మూల ఎక్కువ పెట్టగానే శ్లాబు కూలిపోదు. కానీ గది నడిబొడ్డున పెట్టకూడదు. గోడ వెంబడి, దూలం దగ్గరగా పెట్టాలి. అపార్టుమెంటులో పై అంతస్తులో ఉన్నవారు సివిల్ ఇంజనీరుకు చూపించి గాని అద్దానికి బయానా ఇవ్వకండి. మాది కింది అంతస్తు, బండల నేల. ఆ అదృష్టం ఎంతటిదో చాప తడిసిన రాత్రి తెలిసింది.

స్టాండు చదరపు ఇనుప గొట్టాలతో వెల్డింగు చేయించాను. దాని మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద థర్మోకోల్ షీటు, ఆ పైన తొట్టి. థర్మోకోల్ అలంకారానికి కాదు. అడుగు పలక కింద ఒక్క ఇసుక రేణువు ఉందనుకోండి, 700 కిలోల బరువు ఆ రేణువు దగ్గర అద్దాన్ని పొడుస్తుంది. థర్మోకోల్ ఆ రేణువును తనలోకి తీసుకుంటుంది.

ఇప్పుడు అతికించే రోజు. ముందు జిగురు ఎంపిక. ట్యూబు తెరవగానే వెనిగర్ వాసన ముక్కుకు కొట్టే రకం గాజుకు గట్టిగా పట్టుకుంటుంది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది, ఆరాక పోతుంది. స్నానాల గదుల కోసం అమ్మే, బూజు పట్టదని రాసిన రకం వద్దు. బూజును చంపే మందు చేపను వదలదు. ఇంకో సంగతి, ఈ జిగురు ఎండలో ఆరదు, గాలిలోని తేమను తాగి గట్టిపడుతుంది. బయటినుంచి లోపలికి, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున. మే నెల వడగాడ్పుల్లో త్వరగా ఆరుతుందని అనుకుంటాం. ఆ పొడిగాలి దానికి పనికిరాదు. శ్రావణంలో ముసురు పట్టిన రోజులే మేలు.

ఒంటరిగా చేయగలిగిన పని కాదు. పెద్ద పలక ఒక్కొక్కటి 32 కిలోలు. మా బావమరిదిని పిలిచాను. అడుగు పలకను నేల మీద పరిచాం. అతుకు పడే చోటుకు ఇరువైపులా మాస్కింగ్ టేపు అంటించాం. అసిటోన్‌తో అంచుల జిడ్డు తుడిచాం. ట్యూబును నొక్కే గన్నుతో చిటికెన వేలంత మందాన, మధ్యలో ఎక్కడా తెగకుండా జిగురు వేస్తూ పోయాను. వెనక పలకను నిలబెట్టాం, పక్క పలకలు కూర్చోబెట్టాం, చివర ముందు పలక. గట్టిగా అదమకూడదు. అందరూ చేసే తప్పు ఇదే. బలంగా నొక్కితే గట్టిగా అంటుకుంటుందని అనుకుంటాం. నొక్కితే జిగురంతా బయటికి పోయి గాజు గాజును తాకుతుంది. నీళ్లు నింపినప్పుడు పలక కొంచెం ఉబ్బుతుంది, ఆ ఉబ్బును అతుకు సాగి భరించాలి. సాగడానికి ఒంట్లో ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ రెండు మిల్లీమీటర్లు అందుకు. మూలకు మూల కొలిచి రెండు కర్ణాలూ సమానమని చూసుకుని, లోపలి అతుకును వేలితో ఒక్క గీతలో నున్నగా లాగి, పైపొర కట్టకముందే టేపు తీసేయాలి. దానికి అయిదారు నిమిషాలే గడువు. ఆరాక పైన ముందు వెనక పలకల పొడవునా లోపలివైపు గాజు పట్టీలు, మధ్యలో ఒక అడ్డపట్టీ. నేను దాన్ని మొలతాడు అంటాను.

ఎనిమిది రోజులు ఆరనిచ్చి నీళ్లు నింపాం. మొదటి రోజు బాగుంది. రెండు, మూడు, బాగుంది. నాలుగో రాత్రి మంచినీళ్లు తాగడానికి లేచాను, చాప మీద అడుగు పడింది, చల్లగా తగిలింది. దీపం వేశాను. తొట్టి వెనక ఎడమ మూలలో, కింద, ఒక నీటి చుక్క పెరుగుతోంది. ఉబ్బి, జారి, కింద పడింది. ఇంకొకటి మొదలైంది. గడియారం చూస్తూ లెక్కపెట్టాను, నిమిషానికి పన్నెండు. పాఠం చెప్పేవాడి బుద్ధి, లెక్కపెట్టి కూర్చున్నాను. మా ఆవిడ లేచి వచ్చి "లెక్క తర్వాత చూడవచ్చు, బకెట్టు పట్టుకోండి" అంది. తెల్లవారేదాకా గొట్టంతో నీళ్లు పెరట్లోకి తోడాం. అరటి చెట్లకు ఆ నెలంతా నీళ్లు పెట్టే పని లేకపోయింది.

ఆ తర్వాత నేను చేసిన పనులు వరుసగా తెలివితక్కువవి. బయటినుంచి ఆ మూల మీద జిగురు పూశాను. నీళ్లు లోపలినుంచి నెడుతుంటే బయటి పూత ఏం ఆగుతుంది? రెండు రోజుల్లో పొక్కులాగా లేచింది. ఈసారి నీళ్లు తోడి లోపలివైపున, పాత జిగురు మీదే కొత్త జిగురు వేశాను. మళ్లీ కారింది. ఆరిన సిలికాన్‌కు కొత్త సిలికాన్ సరిగా అంటుకోదు. గాజును పట్టుకున్నంత గట్టిగా అది తన సొంత జాతిని పట్టుకోదు. అన్నదమ్ములతో పడనివాళ్లు మనలోనూ ఉన్నారు. (నవ్వులు) అంటే ఆ మూల మాత్రమే బాగుచేయడం కుదరదు. తొట్టి మొత్తం విప్పాలి.

విప్పడానికి మూడు రోజులు పట్టింది, బ్లేడుతో. ఆ మూడు రోజులే నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పాయి. మిగతా అతుకులన్నీ ఎంత మొండిగా ఉన్నాయంటే, జిగురు ముక్కలు ముక్కలుగా తెగింది గాని గాజును వదల్లేదు. తెగిన తర్వాత కూడా గాజు మీద గరుకు పొర మిగిలింది, దాన్ని గీకి గీకి తీయాలి. కానీ ఆ ఎడమ మూల దగ్గర, సరిగ్గా నాలుగు వేళ్ల మేర, జిగురు పట్టీ పాము కుబుసంలాగా వచ్చేసింది. వెనక్కి తిప్పి చూస్తే అద్దంలా మెరుస్తోంది. అంటే అక్కడ అది గాజును ఒక్క క్షణం కూడా పట్టుకోలేదు, ఊరికే ఆనుకుని ఉంది. నాలుగు వేళ్ల మేర ఎందుకు? నా చెయ్యి పెట్టి చూసుకున్నాను. అతికినట్టు సరిపోయింది. అతికించిన రోజు అసిటోన్‌తో తుడవడం అయ్యాక మా ఆవిడ వేడి వేడి మిరపకాయ బజ్జీలు తెచ్చింది. తిన్నాం. చేతులు పంచెకు తుడుచుకున్నాం. వెనక పలకను ఎత్తి నిలబెట్టింది నేనే, ఎడమ మూల పట్టుకుని. 270 కిలోల లెక్క సరిగానే వేశాను. బజ్జీ నూనె లెక్కలోకి రాలేదు.

రెండోసారి తుడిచింది జిగురు వేయడానికి రెండు నిమిషాల ముందు. రబ్బరు తొడుగులు వేసుకున్నాం. బజ్జీలు పని అయ్యాకే. మూడు వారాలు ఆరనిచ్చాను. వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లు ముట్టుకోలేదు.

నింపేటప్పుడు ఇంకొకటి చూడాలి. స్టాండును రసమట్టంతో చూసి సమంగా ఉందని అనుకున్నాను. తొట్టిలో నీళ్లు పావు వంతుకు వచ్చాక ఆపి, రెండు చివర్లా అంచునుంచి నీటిదాకా స్కేలుతో కొలిచాను. 4 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. నీటిని మించిన మట్టం ఏముంది? ఇనుప కాళ్లలో ఒకటి బండ సందులో కూర్చుంది. నాలుగు మిల్లీమీటర్లే కదా అని నింపేయవచ్చు. అప్పుడు స్టాండు ఒక మూలకు మెలిపడుతుంది, ఆ మెలి నేరుగా అతుకులకు పోతుంది. నీళ్లు తోడి, కాలి కింద రేకు ముక్కలు పెట్టి, మళ్లీ నింపాను. అప్పటికి మా అరటి చెట్లు గెలలు వేశాయి.

నీళ్లు పోసిన రోజే చేపలు వేయకూడదు. భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు, వాళ్లు అమ్మోనియా పేరు వినగానే లేచి కూర్చుంటారు. చేప విసర్జించే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం, మూడోది చాలావరకు భరిస్తుంది. ఆ బ్యాక్టీరియా ఫిల్టరులో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాలి. ఇంతకన్నా చెబితే ఇది వేరే ప్రసంగమవుతుంది.

(సభలోనుంచి ప్రశ్న: యాక్రిలిక్ వాడకూడదా? తేలిక కదా?)

వాడవచ్చు. గాజులా అవతలిది కనిపించే ప్లాస్టిక్ అది. పెద్ద పెద్ద చేపల ప్రదర్శనశాలల్లో అదే వాడతారు. గాజులో సగం కన్నా తక్కువ బరువు. కానీ పాచి తుడిస్తేనే గీతలు పడుతుంది, ఇంట్లో రోజూ చేసే పని అది. అది పగలదని మాత్రం అనుకోకండి. బెర్లిన్‌లో ఒక హోటల్ మధ్యలో గుండ్రటి స్తంభంలాంటి యాక్రిలిక్ తొట్టి ఉండేది, అక్వాడోమ్ అనేవారు. పది లక్షల లీటర్లు. 2022 డిసెంబరు 16న తెల్లవారకముందే పగిలింది. ఇంకో గంటో రెండు గంటలో ఆగి పగిలి ఉంటే కింద జనం ఉండేవారు.

(ప్రశ్న: ఖర్చు ఎంతయింది మాస్టారూ?)

ఇంట్లో చెప్పింది చెప్పమంటారా, అయింది చెప్పమంటారా? (నవ్వులు) మా ఆవిడ మూడో వరుసలో ఉంది. తర్వాతి ప్రశ్న.

(ప్రశ్న: ఏ చేపలు పెంచుతున్నారు?)

అందరూ రంగుల చేపలు అంటారు. నాకు మన కాలవల్లో దొరికే పరిగలంటే ఇష్టం. అడ్డంగా వెలుతురు పడితే వాటి వెండి మెరుపు ముందు ఏ రంగూ ఆగదు. ఇరవై దాకా వేశాను. ఒకరోజు తెలిసినవాళ్లు వేలెడంత కొర్రమీను పిల్లను తెచ్చి ఇచ్చారు. ముద్దుగా ఉందని అందులోనే వేశాను. అది అడుగు దాటేసరికి పరిగలు లేవు. ఇప్పుడు ఆరడుగుల తొట్టికీ అదొక్కటే యజమాని. కొర్రమీను పైకి వచ్చి గాలి పీలుస్తుంది, అవసరమైతే ఎగిరి గట్టు దాటుతుంది. మొదటిసారి ఎగిరినప్పుడు సోఫా కింద దొరికింది, బతికే ఉంది. చెక్క చట్రానికి ఇనుప జాలీ కొట్టించి మూత చేయించాను. దాన్నీ తలతో పొడిచి లేపింది. చివరికి మా అమ్మ కాలంనాటి సన్నికల్లు పొత్రాన్ని మూత మీద పెట్టాను. అప్పటినుంచి పచ్చడి నూరాలంటే చేప దగ్గర అనుమతి తీసుకోవాల్సి వస్తోందని మా ఆవిడ ఫిర్యాదు.